జావా జవాబులు: ఏ మాడ్యూల్ లాగ్ ఆ మాడ్యూల్ ఫైల్లోకే

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం లాగింగ్ మీదే, అంటే ప్రోగ్రాం నడుస్తూ ఏం చేస్తోందో ఫైల్లో రాసుకోవడం మీదే. ట్యాగ్‌లు, ప్రాపర్టీలు, క్లాసుల పేర్లు ఇక్కడ పలికే తీరులో తెలుగులోనే ఇస్తున్నాం. ఫైల్లో రాసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో, పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూసుకుని రాయాలి. ఉదాహరణలన్నిటికీ ‘కామ్.అంగడి’ అనే ప్యాకేజీ పేరును వాడుకున్నాం.

ప్రశ్న: మా అప్లికేషన్‌ను జావా 17లో బిల్లింగ్, స్టాక్, రిపోర్ట్స్ అని మూడు మాడ్యూళ్లుగా విడగొట్టాం. ఎస్‌ఎల్‌ఎఫ్‌4జే (కోడ్ లాగింగ్‌ను పిలిచే లైబ్రరీ), లాగ్‌బ్యాక్ (ఆ లైన్లను నిజంగా రాసే లైబ్రరీ) వాడుతున్నాం. లాగ్‌లన్నీ ఒకే ఫైల్లో పడుతున్నాయి. బిల్లింగ్‌కి డీబగ్ (చిన్న వివరాలు కూడా రాసే లెవెల్), మిగతా రెండింటికీ ఇన్ఫో (మామూలు సమాచారం, ఆపైవి) పెట్టి, మూడింటికీ మూడు ఫైళ్లు కావాలి. కాన్ఫిగరేషన్‌లో మాడ్యూల్ పేరు ఇచ్చే చోటు ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అలాంటి చోటు లేదు. మాడ్యూల్ అంటే ఏమిటో లాగ్‌బ్యాక్‌కి తెలియదు. దానికి తెలిసింది లాగర్ (కోడ్‌లో లాగ్ లైన్లు పంపే ఆబ్జెక్టు) పేరు ఒక్కటే. లాగర్‌ఫ్యాక్టరీ.గెట్‌లాగర్‌కి క్లాసును ఇచ్చినప్పుడు ఆ క్లాసు పూర్తి పేరే లాగర్ పేరవుతుంది. ఉదాహరణకు కామ్.అంగడి.బిల్లింగ్.పన్ను.జీఎస్‌టీలెక్క. ఈ పేరులో చుక్కల దగ్గర విడగొడితే వచ్చేదే వంశక్రమం. కామ్.అంగడి.బిల్లింగ్ అనే లాగర్‌కి ఒక లెవెల్ ఇస్తే దాని కిందున్న క్లాసులన్నిటికీ అదే వర్తిస్తుంది, మధ్యలో ఎవరికైనా విడిగా లెవెల్ ఇచ్చి ఉంటే తప్ప. కాబట్టి మాడ్యూల్‌ని పట్టుకోవాలంటే దాని ప్యాకేజీ పేరుతో పట్టుకోవాలి.

జావా 9తో వచ్చిన మాడ్యూల్ వ్యవస్థ ఇక్కడ మనకో మేలు చేస్తుంది. ఒకే ప్యాకేజీ రెండు మాడ్యూళ్లలో ఉండటాన్ని అది ఒప్పుకోదు, అప్లికేషన్ మొదలే కాదు. అంటే మాడ్యూల్‌పాత్ మీద నడిచే అప్లికేషన్‌లో ఏ ప్యాకేజీ అయినా కచ్చితంగా ఒక్క మాడ్యూల్‌కే చెందుతుంది. పాత క్లాస్‌పాత్ మీద ఈ భరోసా లేదు. రెండు జార్‌లలోనూ కామ్.అంగడి.యుటిల్ ఉంటే రెండింటి లాగ్‌లూ చప్పుడు చేయకుండా ఒకే లాగర్ కిందకి వచ్చేస్తాయి. ముందుగా ఈ పేర్లు సర్దుకోండి. మాడ్యూల్-ఇన్ఫోలో మాడ్యూల్ పేరు కామ్.అంగడి.బిల్లింగ్ అయితే అందులోని ప్యాకేజీలన్నీ అదే పేరుతో మొదలవ్వాలి. అలా లేకపోతే, అంటే బిల్లింగ్ మాడ్యూల్‌లో కామ్.అంగడి.ఇన్వాయిస్, కామ్.అంగడి.పన్ను అని రెండు వేర్లుంటే, రెండింటికీ రెండు లాగర్ ట్యాగ్‌లు రాసుకోవాలి. పని జరుగుతుంది గానీ, ఆర్నెల్ల తర్వాత మూడో ప్యాకేజీ చేరినప్పుడు కాన్ఫిగరేషన్‌లో దాన్ని చేర్చడం ఎవరికీ గుర్తుండదు.

పేర్లు సరిపోయాక లాగ్‌బ్యాక్.ఎక్స్‌ఎంఎల్‌లో మూడు రోలింగ్‌ఫైల్‌అపెండర్‌లు (లైన్లను ఫైల్లో రాస్తూ, హద్దు రాగానే కొత్త ఫైల్‌కి మారేవి) పెట్టండి. వాటి పేర్లు బిల్లింగ్‌ఫైల్, స్టాక్‌ఫైల్, రిపోర్ట్స్‌ఫైల్ అనుకుందాం. ఒక్కోదానికి వేరే ఫైల్ పేరివ్వాలి. రెండు అపెండర్‌లకు పొరపాటున ఒకే ఫైల్ ఇస్తే లాగ్‌బ్యాక్ రెండోదాన్ని మొదలుపెట్టదు, ఆ మాడ్యూల్ లాగ్ ఎక్కడా కనబడదు. తర్వాత మూడు లాగర్ ట్యాగ్‌లు. మొదటిదానికి నేమ్ కామ్.అంగడి.బిల్లింగ్, లెవెల్ డీబగ్, అడిటివిటీ (లైను పై లాగర్‌ల అపెండర్‌లకూ వెళ్లడం) ఫాల్స్, లోపల అపెండర్-రెఫ్ ట్యాగ్‌లో బిల్లింగ్‌ఫైల్. మిగతా రెండూ ఇలాగే, లెవెల్ ఇన్ఫోతో. చివర రూట్ (లాగర్‌లన్నిటికీ పైనున్నది) ట్యాగ్‌కి లెవెల్ వార్న్ (హెచ్చరికలు, ఆపైవి) ఇచ్చి మెయిన్‌ఫైల్ అనే ఉమ్మడి అపెండర్‌ను తగిలించండి. బయటి లైబ్రరీల హెచ్చరికలు, ఎర్రర్‌లు ఇందులోకి వస్తాయి. రూట్‌కి లెవెల్ రాయకుండా వదిలేస్తే లాగ్‌బ్యాక్‌లో అది డీబగ్ అవుతుంది. అప్పుడు కనెక్షన్ పూల్, హెచ్‌టీటీపీ క్లయింట్ లాంటివి ఫైల్‌ని ముంచెత్తుతాయి.

పేరు సరిపోలడమనేది చుక్క దాకా చూసి జరిగే పని. కామ్.అంగడి.బిల్ అని రాస్తే కామ్.అంగడి.బిల్లింగ్‌కి అది తగలదు. అలాగే కామ్.అంగడి.బిల్లింగ్.ప్రింట్ అనేది మీ దగ్గర వేరే మాడ్యూల్ అయినా, లాగ్‌బ్యాక్ దృష్టిలో అది బిల్లింగ్ బిడ్డే. దానికి వేరే ఫైల్ కావాలంటే దాని పేరుతో ఇంకో లాగర్ ట్యాగ్ పెట్టి, అడిటివిటీ ఫాల్స్ చేయాల్సిందే.

సరిచూసుకునేటప్పుడు ప్యాటర్న్‌లో %లాగర్ పక్కన బ్రాకెట్‌లో 36 లాంటి అంకె తీసేయండి. ఆ అంకె ఉంటే దానికి మించిన పొడుగు పేర్లు సి.ఎ.బి.పి.జీఎస్‌టీలెక్క లాగా కుదించుకుపోతాయి. బి అంటే బిల్లింగా, బ్యాచా అన్నది తెలియదు. పూర్తి పేరు వచ్చాక ఇలాంటి వరుస కనబడొచ్చు: బిల్లింగ్ ఫైల్లో కామ్.అంగడి.స్టాక్.నిల్వసేవ అనే లాగర్‌తో బిల్లింగ్ సందేశం. ఒక క్లాసును కాపీ కొట్టి కొత్త క్లాసు చేసినప్పుడు గెట్‌లాగర్‌లో పాత క్లాసు పేరు అలాగే మిగిలిపోతే జరిగేది ఇదే. ఎస్‌ఎల్‌ఎఫ్‌4జే.డిటెక్ట్‌లాగర్‌నేమ్‌మిస్‌మ్యాచ్ అనే సిస్టమ్ ప్రాపర్టీని ట్రూ చేసి అప్లికేషన్‌ను ఒకసారి నడపండి. అలాంటి లాగర్లను అదే పట్టి చూపిస్తుంది.

ప్రశ్న: పై పద్ధతిలోనే చేశాం, అడిటివిటీ మాత్రం రాయలేదు. బిల్లింగ్ డీబగ్ లైన్లు బిల్లింగ్ ఫైల్లోనూ, మెయిన్ ఫైల్లోనూ రెండు చోట్లా వస్తున్నాయి. రూట్‌కి వార్న్ పెట్టాక డీబగ్ లైను మెయిన్ ఫైల్లోకి ఎలా దూరుతోంది?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చాలామంది ఇక్కడే పొరబడతారు. రూట్‌కి పెట్టిన వార్న్ మెయిన్ ఫైల్ గుమ్మం దగ్గర కాపలా కాయదు. లెవెల్ తనిఖీ ఒక్కసారే, లైను పుట్టిన లాగర్ దగ్గరే జరుగుతుంది. జీఎస్‌టీలెక్క లాగర్‌కి బిల్లింగ్ నుంచి డీబగ్ సంక్రమించింది కాబట్టి లైను అక్కడ పాసయింది. ఆ తర్వాత అది పైకి ఎక్కుతూ ప్రతి పెద్దలాగర్ దగ్గరున్న అపెండర్‌లకూ చేరుతుంది. దారిలో వాళ్ల లెవెల్ ఎవరూ చూడరు. రూట్ లెవెల్ పనికొచ్చేది తమకంటూ, తమ పైవాళ్లకంటూ ఏ లెవెలూ లేని లాగర్‌లకే.

అడిటివిటీ ఫాల్స్ పెడితే ఆ ఎక్కడం బిల్లింగ్ దగ్గరే ఆగిపోతుంది. దాంతోపాటు బిల్లింగ్ ఎర్రర్‌లు కూడా మెయిన్ ఫైల్లోకి రావడం మానేస్తాయి. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు మెయిన్ ఫైల్ ఒక్కటే చూస్తుంటే అది ప్రమాదం. మేము సూచించే ఏర్పాటు ఇది: ఎర్రర్‌ఫైల్ అని ఇంకో అపెండర్ పెట్టి, దాని లోపల ఫిల్టర్ ట్యాగ్‌లో థ్రెషోల్డ్‌ఫిల్టర్ క్లాసు, లెవెల్ ఎర్రర్ అని రాయండి. మూడు లాగర్ ట్యాగ్‌లలోనూ, రూట్‌లోనూ దానికి అపెండర్-రెఫ్ ఇవ్వండి. ఒకే అపెండర్‌ను ఎన్ని లాగర్‌లకైనా తగిలించొచ్చు, ఫైల్ ఒక్కటే తెరుచుకుంటుంది. అడిటివిటీ ఫాల్స్‌గా ఉన్నంతకాలం లైను రెండుసార్లు పడదు. ట్రూగా వదిలేసి, బిల్లింగ్‌లోనూ రూట్‌లోనూ అదే అపెండర్ పెడితే మాత్రం ప్రతి ఎర్రర్ రెండేసిసార్లు వస్తుంది.

లాగ్4జే 2 వాడేవారికి కూడా ఇదే సూత్రం. అక్కడైతే అపెండర్-రెఫ్ మీదే లెవెల్ రాసుకునే వీలుంది కాబట్టి విడిగా ఫిల్టర్ అక్కర్లేదు.

ప్రశ్న: బయటి లైబ్రరీలు వాడొద్దని మా దగ్గర నియమం. జావాతో వచ్చే లాగింగే వాడాలి. లాగింగ్.ప్రాపర్టీస్‌లో కామ్.అంగడి.బిల్లింగ్.లెవెల్‌కి ఫైన్ (ఇక్కడ డీబగ్ లాంటిది) ఇచ్చినా ఒక్క ఫైన్ లైను కూడా రావడం లేదు. ఇంకా, ఫైల్‌హ్యాండ్లర్ ప్యాటర్న్ ఒక్కటే రాయగలుగుతున్నాం, మాడ్యూల్‌కో ఫైల్ ఇవ్వడం ఎలా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మొదటిదానికి కారణం హ్యాండ్లర్ (లాగ్‌బ్యాక్‌లో అపెండర్ లాంటిది). జావా.యుటిల్.లాగింగ్‌లో లైను రెండు గేట్లు దాటాలి. ఒకటి లాగర్ లెవెల్, రెండోది హ్యాండ్లర్ లెవెల్. కన్సోల్‌హ్యాండ్లర్‌కి మామూలుగా ఉండేది ఇన్ఫో. మీ ఫైన్ లైను లాగర్‌ని దాటి కన్సోల్‌హ్యాండ్లర్ దగ్గర ఆగిపోతోంది. జావా.యుటిల్.లాగింగ్.కన్సోల్‌హ్యాండ్లర్.లెవెల్‌కి ఆల్ ఇస్తే కనబడుతుంది. ఏం రావాలన్నది లాగర్ లెవెల్‌కే వదిలేయండి, హ్యాండ్లర్ గేటు తెరిచే ఉంచండి. ఫైల్‌హ్యాండ్లర్‌కి మొదటి నుంచీ ఆల్ ఉంటుంది, దానితో ఈ ఇబ్బంది లేదు.

రెండోదానికి కాస్త పనుంది. ఫైల్‌హ్యాండ్లర్ తన ప్రాపర్టీలను క్లాసు పేరుతో వెతుక్కుంటుంది. క్లాసు ఒకటే అయితే ప్యాటర్న్ ఒకటే. అది వెతికేది అసలు ఆబ్జెక్టు ఏ క్లాసుదో ఆ పేరుతో కాబట్టి, దాన్నుంచి పిల్లక్లాసు తీస్తే ఆ పిల్లక్లాసు పేరుతో వేరే ప్రాపర్టీలు రాసుకోవచ్చు. కామ్.అంగడి.లాగింగ్ అనే ప్యాకేజీలో బిల్లింగ్‌ఫైల్‌హ్యాండ్లర్ అని ఒక పబ్లిక్ క్లాసు రాసి, ఫైల్‌హ్యాండ్లర్‌ను ఎక్స్‌టెండ్ చేసి, ఆర్గ్యుమెంట్లు లేని పబ్లిక్ కన్‌స్ట్రక్టర్ ఒక్కటి ఇవ్వండి. సూపర్‌ని పిలిచి ఊరుకుంటే చాలు. స్టాక్‌కి ఒకటి, రిపోర్ట్స్‌కి ఒకటి ఇలాగే.

తర్వాత ప్రాపర్టీల ఫైల్లో కామ్.అంగడి.బిల్లింగ్.హ్యాండ్లర్స్‌కి ఈ క్లాసు పూర్తి పేరు, కామ్.అంగడి.బిల్లింగ్.యూజ్‌పేరెంట్‌హ్యాండ్లర్స్‌కి ఫాల్స్. లాగ్‌బ్యాక్‌లో అడిటివిటీ చేసే పనే ఇది చేస్తుంది. ఇక హ్యాండ్లర్ క్లాసు పేరుతో ఐదు వరుసలు: ప్యాటర్న్, లిమిట్, కౌంట్, అపెండ్, ఫార్మాటర్. ఏదీ వదలొద్దు, ఎందుకంటే రాయకపోతే వచ్చే విలువలు ఎవరికీ పనికిరావు. లిమిట్ రాయకపోతే సున్నా, అంటే ఫైల్‌కి హద్దే లేదు. 10 ఎంబీ కావాలంటే బైట్లలో 10485760 అని రాయాలి. అపెండ్ రాయకపోతే ఫాల్స్, రీస్టార్ట్ చేయగానే నిన్నటి లాగ్ తుడిచిపెట్టుకుపోతుంది. ఫార్మాటర్ రాయకపోతే ఎక్స్‌ఎంఎల్ వస్తుంది, సింపుల్‌ఫార్మాటర్ పెట్టుకోండి. ఫైల్ పెట్టే ఫోల్డర్ ముందే ఉండాలి. లేని ఫోల్డర్‌ను లాగ్‌బ్యాక్ తయారుచేసుకుంటుంది, ఫైల్‌హ్యాండ్లర్ చేసుకోదు.

మాడ్యూల్ వ్యవస్థ అడ్డుపడేది ఇక్కడే. ఈ హ్యాండ్లర్ క్లాసును సృష్టించేది మీ కోడ్ కాదు, జావా.లాగింగ్ అనే మాడ్యూల్‌లోని లాగ్‌మేనేజర్. ఆ ప్యాకేజీ దానికి కనబడకపోతే ‘కాంట్ లోడ్ లాగ్ హ్యాండ్లర్’ అని ఎర్రర్ స్ట్రీమ్‌లో ఒక సందేశం పడి, ఆ మాడ్యూల్ లాగ్ మాయమవుతుంది. అందుకని ఆ క్లాసున్న మాడ్యూల్-ఇన్ఫోలో రెండు వరుసలు కావాలి: రిక్వైర్స్ జావా.లాగింగ్, ఎక్స్‌పోర్ట్స్ కామ్.అంగడి.లాగింగ్ టు జావా.లాగింగ్. అందరికీ ఎక్స్‌పోర్ట్ చేయనక్కర్లేదు, ఆ ఒక్క మాడ్యూల్‌కి చాలు.

ఫోల్డర్‌లో బిల్లింగ్.లాగ్ పక్కన బిల్లింగ్.లాగ్.1, ఎల్‌సీకే అనే తోకతో ఇంకో ఫైల్ కనబడితే కంగారు పడకండి. ఎల్‌సీకే తాళం ఫైల్. కౌంట్ 1 అయి ఉన్నా చివర్లో 1 చేరిందంటే మాత్రం, అదే ఫైల్‌ని మరెవరో అప్పటికే పట్టుకున్నారని అర్థం. చాలాసార్లు అది ఆగిపోయిందనుకున్న పాత ప్రాసెస్ అవుతుంది. లేదంటే ఒకే హ్యాండ్లర్ క్లాసును రెండు లాగర్‌లకు రాశారన్నమాట. లాగ్‌బ్యాక్ అపెండర్ లాగా ఇది పంచుకోబడదు. రాసిన ప్రతిచోటా కొత్త ఆబ్జెక్టు పుట్టి, కొత్త ఫైల్ తెరుచుకుంటుంది.

ప్రాపర్టీల ఫైల్‌కి బదులు కోడ్‌లో సెట్‌లెవెల్ పిలిచేవాళ్లకు ఒక హెచ్చరిక. లాగ్‌మేనేజర్ లాగర్‌లను బలహీనమైన రెఫరెన్స్‌తోనే పట్టుకుంటుంది. గెట్‌లాగర్‌తో తెచ్చి, లెవెల్ మార్చి, వేరియబుల్‌ని వదిలేస్తే, చెత్త సేకరణ జరిగినప్పుడు ఆ లాగర్ పోయి లెవెల్ మళ్లీ మొదటికొస్తుంది. మొదలైన కాసేపు బాగా పనిచేసి తర్వాత ఆగిపోయే ఫైన్ లైన్ల వెనక కారణం తరచూ ఇదే. ఆ లాగర్‌ను స్టాటిక్ ఫీల్డ్‌లో ఉంచండి.

ప్రశ్న: మాడ్యూల్‌పాత్ మీద అన్నీ బాగున్నాయి. జేలింక్‌తో ఇమేజ్ (జావాతో సహా అప్లికేషన్ మొత్తం ఒకే కట్ట) చేసి నడిపితే ‘నో ఎస్‌ఎల్‌ఎఫ్‌4జే ప్రొవైడర్స్ వర్ ఫౌండ్’ అంటోంది, లాగ్‌లు పూర్తిగా ఆగిపోయాయి. జార్‌లు అవే కదా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: జార్‌లు అవే, వాటిని ఎంచుకునే పద్ధతి వేరు. మీ మాడ్యూల్-ఇన్ఫోలో రిక్వైర్స్ ఆర్గ్.ఎస్‌ఎల్‌ఎఫ్‌4జే అని మాత్రమే ఉంటుంది, ఉండాల్సింది కూడా అంతే. లాగ్‌బ్యాక్ పేరు ఎవరూ రిక్వైర్ చేయరు. ఎస్‌ఎల్‌ఎఫ్‌4జే 2.0 నుంచి అది సర్వీస్ ప్రొవైడర్‌గా దొరుకుతుంది. జావా ఆదేశంతో నడిపినప్పుడు, ప్రొవైడర్‌లు మాడ్యూల్‌పాత్ మీద ఉంటే జేవీఎం వాటిని తనంతట తానే కలుపుకుంటుంది. జేలింక్ అలా చేయదు. రిక్వైర్స్ గొలుసులో ఉన్న మాడ్యూళ్లనే తీసుకుంటుంది. లాగ్‌బ్యాక్ ఆ గొలుసులో లేదు కాబట్టి ఇమేజ్‌లోకి రాలేదు.

యాడ్-మాడ్యూల్స్‌లో మీ ప్రధాన మాడ్యూల్ పక్కన కామా పెట్టి సిహెచ్.క్యూఓఎస్.లాగ్‌బ్యాక్.క్లాసిక్ అని చేర్చండి. కోర్ దాని వెంటే వస్తుంది. బైండ్-సర్వీసెస్ అనే ఆప్షన్ కూడా ఉంది గానీ, జేడీకేలో ఉన్న ప్రొవైడర్‌లన్నిటినీ లోపలికి లాగి ఇమేజ్‌ను లావు చేస్తుంది. ఒక్క లాగింగ్ కోసం అది వాడొద్దు. ఇమేజ్ తయారయ్యాక దాని బిన్ ఫోల్డర్‌లోని జావాకి లిస్ట్-మాడ్యూల్స్ ఇచ్చి, లాగ్‌బ్యాక్ పేర్లు రెండూ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఆటోమేటిక్ మాడ్యూళ్లను, అంటే సొంత మాడ్యూల్-ఇన్ఫో లేని జార్‌లను, జేలింక్ అసలు ఒప్పుకోదు. లాగ్‌బ్యాక్ 1.3, ఆపై వెర్షన్లలో మాడ్యూల్-ఇన్ఫో ఉంటుంది.

ఇమేజ్ ఊసే లేకుండా మామూలుగా నడిపినప్పుడు కూడా ఇదే సందేశం వస్తుంటే వెర్షన్లు చూడండి. లాగ్‌బ్యాక్ 1.2 జత ఎస్‌ఎల్‌ఎఫ్‌4జే 1.7. ఎస్‌ఎల్‌ఎఫ్‌4జే 2.0కి లాగ్‌బ్యాక్ 1.3 గానీ ఆపైవి గానీ కావాలి. వేరే ఏదో డిపెండెన్సీ వెనక దారిన 2.0ని లాక్కొస్తే, పాత లాగ్‌బ్యాక్ అక్కడే ఉండి కూడా లెక్కలోకి రాదు.

ప్రశ్న: బిల్లింగ్, స్టాక్ రెండూ కామ్.అంగడి.కామన్ అనే మాడ్యూల్‌ను వాడతాయి. బిల్లింగ్ పిలిచినప్పుడు కామన్ రాసే లైన్లు బిల్లింగ్ ఫైల్లోకి, స్టాక్ పిలిచినప్పుడు స్టాక్ ఫైల్లోకి వెళ్లేలా చేయొచ్చా?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: లాగర్ పేరుతో కుదరదు. ఎవరు పిలిచినా కామన్ లాగర్ పేరు మారదు. పిలిచినవాళ్లు ఎవరన్నది థ్రెడ్‌తో పాటు పంపాలి, దానికి ఎండీసీ (థ్రెడ్‌కి తగిలించే కీ-విలువల పట్టిక) ఉంది. బిల్లింగ్‌లోకి పని వచ్చే ముఖద్వారం దగ్గర, అంటే కంట్రోలర్ దగ్గరో మెసేజ్ అందుకునే చోటో, ఎండీసీ.పుట్‌క్లోజబుల్‌తో మాడ్యూల్ అనే కీకి బిల్లింగ్ అని పెట్టండి. ట్రై కుండలీకరణాల్లో పెడితే పని అయిపోగానే తనంతట తానే తీసేస్తుంది. తీయడం మరిస్తే థ్రెడ్ పూల్‌లో అదే థ్రెడ్ తర్వాత స్టాక్ పనికి వెళ్లి, స్టాక్ లైన్లు బిల్లింగ్ ముద్రతో వస్తాయి.

కాన్ఫిగరేషన్‌లో సిఫ్టింగ్‌అపెండర్ పెట్టి, డిస్క్రిమినేటర్ కీకి మాడ్యూల్, డిఫాల్ట్‌వాల్యూకి కామన్ ఇవ్వండి. లోపలి ఫైల్ అపెండర్ పేరులోనూ, ఫైల్ పేరులోనూ డాలర్ గుర్తు, మీసాల బ్రాకెట్‌లలో మాడ్యూల్ అని వాడితే విలువకో ఫైల్ పుడుతుంది. ఈ దారి పట్టాక బిల్లింగ్, స్టాక్ లాగర్‌లు కూడా ఇదే అపెండర్‌కి వెళ్లాలి. పాత బిల్లింగ్‌ఫైల్, స్టాక్‌ఫైల్ అపెండర్‌లను తీసేయండి, లేకపోతే రెండు అపెండర్‌లు ఒకే ఫైల్ కోసం పోటీపడతాయి. ఆ కీలో ఆర్డర్ నంబరో కస్టమర్ ఐడీనో పెట్టాలని ఎవరికైనా అనిపించొచ్చు. వద్దు. విలువకో ఫైల్ తెరుచుకుంటుంది, వాడకం ఆగినా మామూలుగా 30 నిమిషాల దాకా మూసుకోదు. రద్దీ వేళ ఫైల్ హ్యాండిల్స్ అయిపోతాయి.

ఎండీసీ థ్రెడ్‌కి కట్టుబడి ఉంటుంది. ఎగ్జిక్యూటర్‌కి పని అప్పగిస్తే అక్కడికి వెళ్లదు. అప్పగించే ముందు గెట్‌కాపీఆఫ్‌కాంటెక్స్ట్‌మ్యాప్‌తో కాపీ తీసుకుని, పని మొదట్లో సెట్‌కాంటెక్స్ట్‌మ్యాప్ చేసి, ఫైనల్లీలో క్లియర్ చేయాలి. తీసుకున్న కాపీ నల్ కావచ్చు, అది కూడా చూసుకోండి. కంప్లీటబుల్‌ఫ్యూచర్‌కీ ఇదే వర్తిస్తుంది.

ఇంత అవసరమా అని ముందు ఆలోచించమనే మా సలహా. కామన్‌కి ఒకటే ఫైల్ ఉంచి, ప్యాటర్న్‌లో %ఎక్స్ పక్కన మీసాల బ్రాకెట్‌లలో మాడ్యూల్ అని చేరిస్తే ప్రతి లైను ముందు ఎవరు పిలిచారో కనబడుతుంది. గ్రెప్ ఆదేశంతో వెతుక్కోవడానికి అది చాలు.

ప్రశ్న: స్ప్రింగ్ బూట్‌లో మాడ్యూల్ లెవెల్‌ను రీస్టార్ట్ లేకుండా మార్చాలి. మాడ్యూల్‌కో ఫైల్‌ను ప్రాపర్టీస్‌లోనే ఇవ్వగలమా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఫైల్ విషయంలో కుదరదు. లాగింగ్.ఫైల్.నేమ్ ఒక్క ఫైల్‌నే ఇస్తుంది. మాడ్యూల్‌కో ఫైల్ కావాలంటే లాగ్‌బ్యాక్-స్ప్రింగ్.ఎక్స్‌ఎంఎల్ రాయాలి. పేరులో స్ప్రింగ్ తప్పనిసరి. ఉత్త లాగ్‌బ్యాక్.ఎక్స్‌ఎంఎల్ అయితే స్ప్రింగ్ సిద్ధం కాకముందే చదివేస్తారు, స్ప్రింగ్‌ప్రొఫైల్ ట్యాగ్‌లు అందులో పనిచేయవు.

లెవెల్‌కి ప్రాపర్టీలు చాలు. లాగింగ్.లెవెల్ పక్కన చుక్క పెట్టి ప్యాకేజీ పేరు, దానికి విలువ. మాడ్యూల్‌కి రెండు మూడు ప్యాకేజీ వేర్లుంటే లాగింగ్.గ్రూప్.బిల్లింగ్‌కి వాటిని కామాలతో ఇచ్చి, లాగింగ్.లెవెల్.బిల్లింగ్ అని ఒక్క వరుసలో నియంత్రించండి. మొదటి జవాబులో చెప్పిన చెల్లాచెదురు ప్యాకేజీల సమస్యకు లెవెల్ వరకు ఇది మంచి మందు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఇచ్చేటప్పుడు ప్యాకేజీ దాకానే పనిచేస్తుంది, ఒక క్లాసుకి ఇవ్వలేరు, ఎందుకంటే పెద్దక్షరాలన్నీ చిన్నవైపోతాయి.

నడుస్తుండగా మార్చడానికి యాక్చుయేటర్‌లో (నడుస్తున్న అప్లికేషన్‌ను చూసుకునే స్ప్రింగ్ బూట్ భాగం) లాగర్స్ ఎండ్‌పాయింట్‌ను మేనేజ్‌మెంట్.ఎండ్‌పాయింట్స్.వెబ్.ఎక్స్‌పోజర్.ఇన్‌క్లూడ్‌లో చేర్చి, లాగర్స్ పక్కన ప్యాకేజీ పేరుకో గ్రూప్ పేరుకో పోస్ట్ పంపండి. బాడీలో కాన్ఫిగర్డ్‌లెవెల్‌కి డీబగ్. మళ్లీ పాత స్థితికి రావాలంటే నల్ పంపాలి. ఈ మార్పు ఆ ఒక్క ఇన్‌స్టెన్స్‌కే, అది ఆగేదాకానే. నాలుగు ఇన్‌స్టెన్స్‌లుంటే నాలుగింటికీ పంపాలి. ఈ ఎండ్‌పాయింట్‌ను బయటి నెట్‌వర్క్‌కి తెరిచి ఉంచొద్దు.

ప్రశ్న: ఒక మాడ్యూల్ కొత్త వెర్షన్ తెచ్చుకున్నాక మా లాగ్‌బ్యాక్ సెట్టింగ్‌లన్నీ పోయాయి, ఫైల్ మాత్రం అలాగే ఉంది.
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఆ మాడ్యూల్ జార్‌ను జార్ టీఎఫ్ ఆదేశంతో విప్పి చూడండి. లోపల లాగ్‌బ్యాక్.ఎక్స్‌ఎంఎల్ గానీ, అంతకంటే చెడ్డది, లాగ్‌బ్యాక్-టెస్ట్.ఎక్స్‌ఎంఎల్ గానీ ఉండే అవకాశం ఎక్కువ. లాగ్‌బ్యాక్ ముందు టెస్ట్ ఫైల్‌ని వెతుకుతుంది, అది దొరికితే మీది చూడదు. ఒకే పేరుతో రెండుంటే మొదట దొరికినదాన్ని తీసుకుంటుంది. లాంచ్ ఆదేశంలో లాగ్‌బ్యాక్.కాన్ఫిగరేషన్‌ఫైల్‌కి పూర్తి పాత్ ఇవ్వడం వెంటనే పనికొచ్చే మందు. అసలు చికిత్స ఆ మాడ్యూల్ బృందం చేయాలి. లాగింగ్ కాన్ఫిగరేషన్ అప్లికేషన్ సొత్తు, మాడ్యూల్‌ది కాదు. టెస్ట్ ఫైల్ వాళ్ల టెస్ట్ రిసోర్సెస్ ఫోల్డర్ దాటి బయటికి రాకూడదు.

మాడ్యూల్ తన వంతు సూచనలు తెచ్చుకోవాలనుకుంటే బిల్లింగ్-లాగింగ్.ఎక్స్‌ఎంఎల్ లాంటి వేరే పేరుతో, బయటి ట్యాగ్ ఇన్‌క్లూడెడ్‌గా రాసి జార్ మొదట్లోనే పెట్టాలి. అప్లికేషన్ దాన్ని ఇన్‌క్లూడ్ ట్యాగ్‌తో, ఆప్షనల్ ట్రూ చేసి కలుపుకుంటుంది. ప్యాకేజీ ఫోల్డర్ లోపల పెడితే మాడ్యూల్ గోడ అడ్డొస్తుంది, ఆ ప్యాకేజీని ఓపెన్స్ చేస్తే తప్ప బయటికి కనబడదు.

ప్రశ్న: మూడు ఫైళ్లు చేశాక డిస్క్ త్వరగా నిండుతోంది. పాత ఫైళ్లకు హద్దుగా మ్యాక్స్‌హిస్టరీ 14 ఇచ్చాం కదా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: 14 దేనికి అన్నది ఫైల్‌నేమ్‌ప్యాటర్న్‌లోని %డి నిర్ణయిస్తుంది. అందులో తేదీ దాకా ఉంటే 14 రోజులు, గంట కూడా ఉంటే 14 గంటలు, నెల దాకానే ఉంటే 14 నెలలు. ముందు అది చూడండి. సైజ్‌అండ్‌టైమ్‌బేస్డ్‌రోలింగ్‌పాలసీ వాడుతూ మ్యాక్స్‌ఫైల్‌సైజ్ 50 ఎంబీ ఇచ్చారనుకుందాం. ఒక రోజులో ఎన్ని 50 ఎంబీ ఫైళ్లయినా పుట్టొచ్చు, మ్యాక్స్‌హిస్టరీ వాటిని ఆపదు. మొత్తానికి హద్దు పెట్టేది టోటల్‌సైజ్‌క్యాప్. అది పనిచేయాలంటే మ్యాక్స్‌హిస్టరీ కూడా ఉండాలి. ఈ హద్దు ఒక్కో అపెండర్‌కి విడిగా వర్తిస్తుంది. మూడు మాడ్యూళ్లకూ 1 జీబీ ఇస్తే ఆర్కైవ్‌లకే 3 జీబీ లెక్కేసుకోండి, ఎర్రర్‌ఫైల్, మెయిన్‌ఫైల్ దీనికి అదనం. ప్యాటర్న్ చివర జీజెడ్ అని రాస్తే పాత ఫైళ్లు కుదించుకుంటాయి.

పాత ఫైళ్లు తీసేయడం జరిగేది రోల్ అయినప్పుడు. మీ రిపోర్ట్స్ మాడ్యూల్ రోజుకోసారి కొన్ని నిమిషాలు నడిచి ఆగిపోయే బ్యాచ్ అయితే, అది నడుస్తుండగా రోల్ అయ్యే ఘడియ ఎప్పటికీ రాకపోవచ్చు. ఆ అపెండర్ రోలింగ్ పాలసీలో క్లీన్‌హిస్టరీఆన్‌స్టార్ట్ ట్రూ చేయండి, మొదలవగానే పాతవి తీసేస్తుంది.